కొక్కెం తీసిందెవరు

ఏప్రిల్ 11

షెడ్డు ముందు మంచు ఇవాళ్టికి కరిగింది. ట్రాక్టర్ బయటికి తీద్దామని వెళ్ళాను. బ్యాటరీ పెట్టి తాళం తిప్పితే రెండోసారికే ఇంజన్ అందుకుంది, పొగ కూడా పెద్దగా రాలేదు. క్లచ్ తొక్కి గేరు వేయబోతే కర్రుమని పళ్ళు కొరికింది. మళ్ళీ తొక్కాను, మళ్ళీ కర్రుమంది. పెడల్ కిందిదాకా వెళ్తోంది, పైకీ వస్తోంది, గేరు మాత్రం పడదు. పాత బండే, కాదనను. కానీ నిరుడు కోతలయ్యాక లోపల పెట్టిన రోజున వెన్నలా నడిచింది.

సాయంత్రం ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఫిబ్రవరిలో ఇంటి కప్పు మీద మంచు తోస్తూ జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నప్పటి నుంచి మా ఆయన పట్నంలోనే ఉన్నారు. బండి సంగతి వింటే బాధపడతారని మెల్లగా చెప్పాను. ఆయన బాధపడలేదు. దాన్ని ముట్టుకోకన్నారు. ఈ ఏడాది మన మళ్ళు సంఘమే చేస్తుంది, తకెజితో చెప్పేశానన్నారు.

చెప్పేశారట. తకెజి ఆయన తమ్ముడు, మా సుగినోసావా ఊరి సేద్యపు సంఘానికి పెద్ద. అన్నదమ్ములిద్దరూ ఆసుపత్రి మంచం దగ్గర కూర్చుని, నేను మోసుకెళ్ళి ఇచ్చిన నారింజలు ఒలుచుకు తింటూ, మళ్ళ సంగతి తేల్చేశారన్నమాట. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ముప్పై ఏళ్ళు. నారు పోసింది నేను, కలుపు తీసింది నేను, గట్ల మీద గడ్డి కోసింది నేను, ఆయన భోజనానికి దిగినప్పుడల్లా ట్రాక్టరెక్కి దమ్ము చేసింది నేను. నన్నొక్క మాట అడగలేదు.

ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, కాలు ఎలా ఉందని నేనూ అడగలేదు. అడగను.

ఏప్రిల్ 12

ముట్టుకోకన్నారు కాబట్టి పొద్దున్నే ముట్టుకున్నాను.

ముందు బయటి రోగం చూడాలి, లోపలిది తర్వాత. బండి కింద పట్టా పరుచుకుని పడుకున్నాను. పెడల్ తొక్కడానికి అత్తగారిని పిలిచాను. ఎనభై నాలుగేళ్ళ మనిషి, కాలు అందక రెండు చేతులతో నొక్కారు. ఈ వయసులో తనతో ట్రాక్టర్ నడిపిస్తోందీ కోడలని, పక్కింటికి వినపడేలా రెండుసార్లు అన్నారు. పెడల్ నుంచి కిందికి వచ్చే కడ్డీ వంగలేదు. పిన్ను అరగలేదు. క్లచ్ లోపలికి పోయే చెయ్యి, అంటే మీట, నిండుగా కదులుతోంది. అంటే కాలు చెప్పే మాట లోపలిదాకా చేరుతోంది. లోపలున్నదే వినడం లేదు.

తర్వాత ఇంజన్ ఆపి గేరు వేశాను. ఆగి ఉన్నప్పుడు సుఖంగా పడింది. గేరులోనే ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కిపట్టి, తాళం చిటికెడు తిప్పాను. క్లచ్ విడివడి ఉంటే బండి నిలబడే ఉండాలి. కప్పలా ముందుకు గెంతి అత్తగారి ముల్లంగి బుట్టను పడేసింది. ఇక అనుమానం లేదు. క్లచ్ ప్లేటు తుప్పుపట్టి ఇంజన్ చక్రానికి అతుక్కుపోయింది.

ఈ నీగత సీమ మంచులో ఇది తెలియనివాళ్ళు ఎవరు? చెమ్మలో నెలల తరబడి ఊరికే నిలబడితే ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అందుకే బండిని చలికాలానికి లోపల పెట్టేటప్పుడు పెడల్ కిందికి తొక్కి కొక్కెం తగిలిస్తాం. వసంతం దాకా ప్లేటూ చక్రమూ ఎడంగా ఉంటాయి. నిరుడు ఆ కొక్కెం నేనే తగిలించాను. తగిలించి, లాగి చూశాను కూడా. నిన్న కంగారులో గమనించలేదుగాని, ఇవాళ చూస్తే కొక్కెం పక్కన వేలాడుతోంది, పెడల్ పైన ఉంది.

ఎవరో తీశారు. ఆ మాటే అత్తగారితో అన్నాను. ఆవిడ దొర్లిపోయిన ముల్లంగులు ఏరుకుని, కడగాలంటూ లోపలికి వెళ్ళిపోయారు.

చలికాలంలో మా షెడ్డులోకి వచ్చిందెవరు? తకెజి వచ్చాడు. కొత్త సంవత్సరం పండగలన్నీ ముగిశాక, జనవరి చివర్లో మంచు పార కావాలని వచ్చాడు. పార వెతకడానికి అంతసేపా? మా మళ్ళు కాలువ మొదట్లో ఉంటాయి, నీళ్ళు ముందు మాకే అందుతాయి, అవి సంఘానికి కావాలని మూడేళ్ళుగా వాళ్ళన్నయ్య చెవిలో ఊదుతున్నాడు. ఇంకేం సాక్ష్యం కావాలి?

ఏప్రిల్ 14

మెకానిక్ ఒబతా వచ్చాడు. వచ్చి, బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, టైరును బూటుతో తన్నాడు. గుర్రాన్ని కొనేవాడు కూడా అంత పొగరుగా చూడడు. నేను చూసినదంతా వరసగా చెప్పాను, కడ్డీ, పిన్ను, చెయ్యి, గెంతడం. విననట్టే ఉండి, ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా అని అడిగాడు. తుంటి విరిగి ఆసుపత్రిలో ఒకరున్నారు, వెళ్ళి ఆయన్ని అడిగిరా అన్నాను.

బండిని నడుము దగ్గర రెండు ముక్కలుగా విడదీసి ప్లేటు మార్చాలట. ఆ పనికి నాట్లు దాటాకగాని అతనికి వీలుకాదట. అసలీ బండికి అంత పెట్టడం దండగట, తన దగ్గర మంచి బండ్లున్నాయట. ఆడలేక మద్దెల ఓడంటారే, ఆ రకం. వెళ్తూ వెళ్తూ ఒక మాట జారాడు. కొందరు మొండివాళ్ళు బండిని గేరులోనే స్టార్ట్ చేసి, క్లచ్ తొక్కిపట్టి, బ్రేకు మీద నిలబడి కుదిపి విడదీస్తారని. మీరు మాత్రం అలాంటివి చేయకండి, అలా నడిచే బండి క్లచ్‌తో ఆగదు, ఆడమనిషి వల్ల కాదు అని.

నేను టీ పోయలేదు. నీళ్ళు మరుగుతూనే ఉన్నాయి, అతనికీ వినపడింది.

ఏప్రిల్ 15

వాన. ఎవరితోనూ మాట్లాడలేదు.

ఏప్రిల్ 17

ప్లాస్టిక్ పందిట్లో నారు పచ్చగా లేచింది. ఒక్క పళ్ళెంలో కూడా ఖాళీ లేదు. చూస్తే ఆనందం వేయాలి. ఈ నారు వేయడానికి మడి ఉంటుందో లేదో అని ఒళ్ళు మండింది.

సంఘం బండి ఒక మడిలోకి దిగితే దిగినట్టే. ఒక్క ఏడాది అని ఒప్పందాలుండవు, పదేళ్ళకు తీసుకుంటారు. పదేళ్ళయ్యేసరికి నాకు అరవై ఆరు. అప్పుడు తిరిగిస్తే గట్టు మీద నిలబడి చూసుకోవడానికా? నీళ్ళు వదిలేది మే నెల మొదట్లో. ఆలోగా నా బండి మడిలో ఉండాలి. ఉంటే ఇక ఎవరూ మాట్లాడలేరు.

ఏప్రిల్ 19

కాలువ పూడిక తీసే రోజు. ఇంటికొక మనిషి రావాలి. ఆడమనిషి వస్తే అర మనిషి కింద లెక్క, ఆ మిగతా సగానికి ఇంటివాళ్ళు సంఘానికి ఏదో ఒకటి ఇచ్చుకోవాలి. ఎవరి తాతలు పెట్టారో ఈ లెక్క. పొద్దుటి నుంచి నేను ఎత్తిపోసిన బురద, నా పక్కనున్న ఆ మనిషిన్నర పొట్టవాడు ఎత్తిన దానికి రెట్టింపు. అది ఎవరు లెక్కపెడతారు?

మధ్యాహ్నం అందరూ గట్టు మీద కూర్చుని అన్నం ముద్దలు తింటుంటే తకెజి నా దగ్గరికొచ్చి, చాలా మర్యాదగా, మీ నారు పళ్ళేలు సంఘం పందిట్లోకి ఎప్పుడు మార్చమంటావు వదినా అన్నాడు. మార్చడమెప్పుడని. మార్చాలా అని కాదు.

నోట్లో ముద్ద మింగి లేచాను. అందరి ముందూ అడిగేశాను.

"మా ట్రాక్టర్ కొక్కెం ఎందుకు తీశావు తకెజీ?"

ఏ కొక్కెం అన్నాడు. క్లచ్‌దన్నాను. జనవరిలో నువ్వు షెడ్డులో ఏం చేశావో నాకు తెలుసన్నాను. మళ్ళు కావాలంటే మగాడిలా ముఖాన అడుగు, దొంగలా బండి కాళ్ళు విరగ్గొట్టకు అన్నాను. ఇంకా కూడా ఏవో అన్నాను. ఊరంతా పారల వంక చూస్తూ కూర్చుంది. తకెజి ముఖం ఎర్రగా కందిపోయింది. "నేను పార తీసుకుని వెళ్ళాను వదినా. బండి మీద చెయ్యే వేయలేదు" అన్నాడు. తర్వాత తన అన్నం పొట్లం చుట్టేసుకుని కాలువ అవతలికి వెళ్ళి పని చేశాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడు. లేకపోతే ఎందుకంత ఎర్రబడాలి? బాగా అడిగాను. నాకేం చింత లేదు. కడుపు నిండా అన్నం తిన్నాను.

తినలేదు. రెండో ముద్ద అలాగే ఇంటికి తెచ్చాను.

ఏప్రిల్ 20

తకెజి కాదు.

పొద్దున్న మిసో పులుసు పోస్తుంటే అత్తగారు అడిగారు, నిన్న కాలువ దగ్గర నువ్వు మా చిన్నాణ్ణి ఏదో అన్నావటగా అని. ఊళ్ళో మాట నాకంటే ముందే ఇంటికి చేరుతుంది. అన్నాను, ఇంకా అనాల్సింది చాలా ఉందన్నాను. ఆవిడ గిన్నె కింద పెట్టి చల్లగా చెప్పారు.

"వాణ్ణెందుకంటావే. కొక్కెం నేను తీశాను."

జనవరి పదిహేనున పనిముట్లకు పండగ చేస్తాం కదా. ఆ రోజు పారలు, కొడవళ్ళు, కత్తులు అన్నీ కడిగి, మీద దంచిన అన్నపు మోచీ ముద్దలు పెట్టి, ఏడాదంతా కష్టపడ్డారు ఇవాళ సేదదీరండని చెప్పి మనం పని మానుకుంటాం. ఆయన్ని కప్పెక్కవద్దని నేను మొత్తుకుంటున్న రోజులవి, నాకు ఆ పండగ మీద ధ్యాసే లేదు. ఆవిడే మోచీలు పట్టుకుని షెడ్డుకెళ్ళారు. ట్రాక్టర్ మీదా ఒకటి పెట్టబోతే దాని కాలు కిందికి తొక్కి కొక్కెంతో కట్టేసి ఉంది. "పండగపూట కాలు కట్టేసి పడుకోబెడతారా ఎక్కడైనా? దానికి మాత్రం నొప్పి పుట్టదా? చాపుకోనీ పాపం అని తీశాను. మీ మామగారు ఎద్దుకు కూడా ఆ రోజు తలుగు విప్పేసేవారు."

మరి నేను పన్నెండో తారీఖున ఎవరో తీశారని నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే ఎందుకు చెప్పలేదన్నాను.

"నువ్వు ఎవరు తీశారని అన్నావు గాని, మీరు తీశారా అని నన్నడగలేదుగా."

పులుసు గిన్నెలు కడుగుతూ ఒకటి విసిరికొట్టినంత పనిచేశాను. అత్త మీద కోపం దుత్త మీద అంటే ఇదే కాబోలు. అడుగు సొట్టపోయింది. ఆ గిన్నె నా పుట్టింటిది, అదింకో కోపం.

దీనికి ఎవర్ని తిట్టాలి? మొండిగా చేసినవాళ్ళను తిట్టొచ్చు, దొంగతనంగా చేసినవాళ్ళను తిట్టొచ్చు. ట్రాక్టర్ కాళ్ళు నొప్పెడతాయని జాలిపడ్డ ముసలామెను ఏమని తిట్టను? నా మీద ఏనాడైనా అంత జాలిపడ్డారా ఈవిడ? కాన్పైన వారానికి కలుపుకు పంపిన మనిషి.

ఏప్రిల్ 21

తకెజికి చెప్పాలి. దమ్ము పని అయ్యాక చెప్తాను. ఇప్పుడు వెళ్తే సంఘం మాట ఎత్తుతాడు, నేను మెత్తబడాలి. అతను తీయలేదు గాని, తీస్తే లాభం అతనికే కదా. ఆలోచన వచ్చి ఉంటే తీసేవాడే.

ఏప్రిల్ 22

ఒబతా వద్దన్న పనే చేశాను. కాలేదు.

ముందు ఇంజన్‌ను బాగా వేడెక్కనిచ్చాను, వేడికి ఇనుము కాస్త సాగుతుంది. తర్వాత ఆపి, అన్నిటికంటే వేగమైన గేరులో పెట్టాను. పెడల్ పూర్తిగా తొక్కి, మళ్ళీ పైకి రాకుండా సీటుకూ పెడల్‌కూ మధ్య కొయ్యముక్క బిగించాను. ఇంజన్ ఆపే ఎర్ర పిడి ఒకటుంది, లాగితే బండి చస్తుంది. ఇక క్లచ్ లేనట్టే కాబట్టి నా ప్రాణం ఆ పిడిలో ఉంది. ఎడంచేయి దాని మీద పెట్టుకుని తాళం తిప్పాను.

బండి ఒక్క ఉదుటున పై మడిలోకి పరిగెత్తింది. నిరుటి వరి దుబ్బుల మీద ఎగిరెగిరి పడుతుంటే పళ్ళు రాలిపోతాయనుకున్నాను. ఇంజన్ వేగం పెంచి ఒక్కసారిగా బ్రేకులు తొక్కాను. వదిలి మళ్ళీ పెంచాను. మళ్ళీ తొక్కాను. ప్రతిసారీ బండి దగ్గింది, మూలిగింది, టైర్లు బురదను చిమ్మాయి. ప్లేటు మాత్రం విడవలేదు. బ్రేకులకు బలం చాలడం లేదు, పాత బ్రేకులు. నాలుగోసారి తొక్కి తలెత్తి చూస్తే గట్టు ముక్కుకు తగిలేంత దగ్గరగా ఉంది. అలవాటు కొద్దీ కాలు క్లచ్ వెతికింది. క్లచ్ ఎక్కడిది? పిడి లాగాను. ముందు చక్రాలు గట్టెక్కి ఆగాయి, గట్టుకు అవతల కింది మడి ఇంటంత లోతున ఉంది.

ఒబతా మాటే నిజమవుతుందేమోనని భయపడ్డాను. అతను నిజమైతే ఎలా? ఇంజన్ చల్లారేదాకా సీటు మీదే కూర్చున్నాను. దిగలేక కాదు, ఎవరైనా చూస్తుంటే భయపడి దిగిందనుకుంటారని.

ఏప్రిల్ 23

మెడ తిరగడం లేదు. అత్తగారు మందు పట్టీ తెచ్చి నా పక్కన పెట్టి, అంటించకుండా వెళ్ళిపోయారు.

ఏప్రిల్ 25

ఆసుపత్రికి వెళ్ళాను. ఆయన కర్ర పట్టుకుని గది చివరిదాకా నడిచి చూపించారు. బాగానే నడుస్తున్నారు. సంతోషం వేసింది, వెంటనే కోపమూ వేసింది. తకెజి అంతకుముందే వచ్చి కాలువ దగ్గరి భాగోతం చెప్పి వెళ్ళాడట. కాదు, చెప్పలేదట. తకెజి ఏమీ అనలేదట, ఊళ్ళో వాళ్ళెవరో చెప్పారట. అది విని ఇంకా కంపరమెత్తింది. తిట్టి ఉంటే బాగుండేది.

ట్రాక్టర్‌తో కుస్తీలు మానమన్నారు. బండి విరిగితే ఏం చేస్తావన్నారు. మీరు తుంటి విరగ్గొట్టుకుంటే నేనేమన్నా అన్నానా అన్నాను. పక్క మంచం ఆయన నవ్వును దగ్గుగా మార్చాడు. మా ఆయన గొంతు తగ్గించి అన్నారు.

"నీకు కష్టమనే ఇచ్చేశాను కినుయో. ఒక్కదానివి ఎలా చేస్తావు?"

"కష్టమని నేను చెప్పానా?"

"చెప్పాలా? నాకు తెలీదా?"

అదే. ఆయనకు తెలుసు. అత్తగారికి ట్రాక్టర్ కాలినొప్పి తెలిసినట్టు ఈయనకు నా కష్టం తెలుసు. ఈ ఇంట్లో అందరికీ అందరి నొప్పులూ అడక్కుండానే తెలుసు. ఆ మాటే గట్టిగా అనేసి బస్సెక్కాను. బస్సులో ఏడుపొచ్చింది. పూర్తిగా కోపంతోనే.

ఏప్రిల్ 26

విడిపోయింది! ఈ పుస్తకంలో ఇలాంటి గుర్తు ఎప్పుడూ పెట్టను, ఇవాళ పెడతాను.

బస్సులో వస్తూ ఆలోచించాను. బ్రేకులు చాలకపోతే నేలనే బ్రేకు చేయాలి. వెనక మట్టి తవ్వే రోటవేటర్ ఉంది కదా, దాన్ని తిరగనివ్వకుండా ఊరికే మట్టిలోకి దింపితే లంగరులా పట్టుకుంటుంది. బండి ముందుకు లాగుతుంది, నేల వెనక్కి లాగుతుంది, బ్రేకు కూడా తొక్కితే మధ్యలో ఉన్న ప్లేటుకు ఊపిరాడదు. విడవడమో విరగడమో జరగాలి.

ఈసారి గట్టుకు దూరంగా, మడి పొడవునా దారి పెట్టుకున్నాను. అన్నీ సిద్ధం చేసి కొయ్యముక్క బిగిస్తుంటే అత్తగారు వచ్చారు. ఒక చేతిలో అన్నం ముద్దలు, ఒక చేతిలో చిన్న పళ్ళెంలో ఉప్పు, బియ్యపు సారా సాకే. దూరం జరగండి, ఈ బండి ఆగదని అరిచాను. అందుకే ఆగి ఉండగానే దానికో మాట చెప్తాను అంటూ నేరుగా వచ్చి ట్రాక్టర్ ముందు నిలబడ్డారు. బానెట్ మీద కాస్త ఉప్పు చల్లి, సాకే రెండు చుక్కలు పోసి, నడుము వంగినంత మేరా వంగి దణ్ణం పెట్టారు.

"నిన్నడక్కుండా కొక్కెం తీశాను నాయనా, తప్పయింది. మనసులో పెట్టుకోకు. మా కోడలు పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, తొందరగా వదిలెయ్."

ట్రాక్టర్‌కు క్షమాపణ చెప్పారు. నాకు కాదు, ట్రాక్టర్‌కు. మెడ నాకు పట్టేసింది, పరువు తకెజికి పోయింది, తప్పయిందన్న మాట మాత్రం ఇనుముకు దక్కింది. నేను పైన సీట్లో కూర్చుని ఉన్నాను, ఆవిడకు తల పైకెత్తితే నా ముఖం కనపడుతుంది. ఎత్తలేదు. గట్టెక్కి కూర్చుని, ఇక కానివ్వమన్నట్టు చెయ్యూపారు.

ఆ కోపంతోనే తాళం తిప్పాను. బండి దూకింది. వేగం అందుకోగానే రోటవేటర్ దింపాను. మట్టి పెళ్ళలుగా లేచింది, బండి వెనక కాళ్ళ మీద కూర్చోబోయినట్టు వంగింది, యాక్సిలరేటర్ పూర్తిగా ఇచ్చి రెండు బ్రేకుల మీదా నిలబడ్డాను. ఇంజన్ గొంతు పడిపోతోంది, చచ్చిపోతుందనుకున్నాను. అప్పుడు కాళ్ళ కింద ఎక్కడో ఫట్ మని, ఎండుకట్టె విరిచినట్టు చప్పుడు. బండి నిలబడిపోయింది. ఇంజన్ మాత్రం ఒక్కసారిగా గొంతెత్తి పాడుతోంది. గేరులోనే ఉంది, కొయ్యముక్క పెడల్‌ను తొక్కిపట్టే ఉంది, చక్రాలు కదలడం లేదు. అంత మంచి దృశ్యం నేను చూడలేదు.

ఇంజన్ వేగం తగ్గించి, కొయ్యముక్క తీసి, గేరు మార్చి చూశాను. కర్రుమనలేదు. తొక్కుతూ వదులుతూ మడంతా తిరిగాను, లోపలి తుప్పు అరిగిపోవాలి కదా. మొదట్లో కొంచెం వణికింది, తర్వాత సర్దుకుంది.

గట్టు దగ్గరికి వచ్చి ఆపితే అత్తగారు అన్నం ముద్ద చేతికిచ్చి, చూశావా, మర్యాదగా అడిగితే ఎవరైనా వింటారు అన్నారు. ఆ గొప్ప కూడా ఆవిడదేనట. ముద్ద లోపల రేగిపళ్ళ పచ్చడిలాంటి పుల్లటి ఉమె పండు ఉంది. రెండు ముద్దలూ తిన్నాను. ఆకలి అంత ఉంది.

ఏప్రిల్ 30

దుక్కి అయిపోయింది, అన్ని మళ్ళూ. ఒబతా స్కూటర్ మీద పోతూ ఆగి చూశాడు. చెయ్యూపాను. టీకి పిలవలేదు.

మే 3

నిన్న నీళ్ళు వదిలారు. రాత్రికి మళ్ళు నిండాయి. పొద్దున్నే దమ్ము మొదలుపెట్టాను. మొదటి మడి సగమయ్యేసరికి కాలువ దారి మీద సంఘం పెద్ద ట్రాక్టర్ వచ్చింది, పైన తకెజి. అన్నయ్యకు ఇచ్చిన మాట ప్రకారం వచ్చాడు. మా బండి నడుస్తోందని అతనికి తెలియకపోలేదు, దుక్కి చేసింది ఊరంతా చూసింది. అయినా వచ్చాడు.

నేను మడి మధ్యలో ఆగాను. అతను గట్టు దగ్గర ఆగాడు. మధ్యలో నీళ్ళు. మాటలు వినపడాలని ఇద్దరం ఇంజన్లు తగ్గించాం.

"అన్నయ్య చెయ్యమన్నాడు వదినా."

"ఆయన చెప్పారు. మడిలో ఉన్నది నేను."

అతను చాలాసేపు మా మడి వంక చూశాడు. నీళ్ళలోంచి ఎక్కడా మట్టి దిబ్బ కనపడటం లేదు, చదునుగా వచ్చింది, అది చూస్తున్నాడని తెలుసు. నిజానికి అప్పుడు చెప్పాల్సింది చెప్పాను. అంత అందంగా చెప్పలేదు. కొక్కెం తీసింది మీ అమ్మ, నువ్వు కాదు, అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందూ వెనక్కి తీసుకుంటాను, వచ్చే ఊరి సమావేశంలో లేచి చెప్తాను అన్నాను. తప్పయిందన్న మాట గొంతు దాకా వచ్చి అక్కడ పట్టేసింది, నా ట్రాక్టర్‌లాగే. చివరికి అదీ వచ్చింది.

తకెజి టోపీ తీసి, తల గోక్కుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "అమ్మే తీసిందని నాకు కాలువ దగ్గరే అనిపించింది. పారకొచ్చినప్పుడు మోచీ చూశానుగా బండి మీద" అన్నాడు. మరి చెప్పలేదేం అన్నాను.

"నువ్వు అడగలేదు వదినా. ఎందుకు తీశావన్నావు. తీశావా అని ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేవాణ్ణి."

అంత కోపం నాకు ఈ మధ్య రాలేదు. ఆ మాట నాది. పదకొండో తారీఖు నుంచి ఈ పుస్తకం నిండా నేను రాసుకుంటున్నది ఆ మాటే. దాన్ని నా మడి గట్టు మీద నిలబడి, నా ముఖానే, మా మరిది నాకు చెప్పి వెళ్ళాడు. ఆ దారిలో పెద్ద బండి తిప్పడానికి చోటు లేదు. ఊరి దాకా వెనక్కి వెనక్కే నడుపుకుంటూ వెళ్ళాడు.

మే 6

దమ్ము అయింది.

మే 9

నిన్న సాయంత్రం ఊరి సమావేశంలో లేచి చెప్పాను. అందరూ నేల చూశారు, ఈసారి నవ్వాపుకుంటూ. ట్రాక్టర్‌కు అత్తగారు సాకే పోసిన సంగతి నేను చెప్పలేదు, ఆవిడే ముందే ఊరంతా చెప్పుకున్నారట.

మే 16

ఆయన ఇంటికొచ్చారు. కర్రతో, తకెజి కారులో. ఇంట్లోకి రాకుండా ముందు మళ్ళ దగ్గరికి వెళ్ళారు. నాట్లు సగమయ్యాయి. నేను నాటు యంత్రం దగ్గర పళ్ళేలు మారుస్తున్నాను. గట్టు మీద నిలబడి ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశారు. ఆ ఈశాన్య మూల కొంచెం ఎత్తయిందన్నారు. అవును, అయింది. ముప్పై ఏళ్ళుగా మీరు చేసినా ఆ మూల అంతే అన్నాను.

రాత్రి భోజనానికి తకెజి ఉండిపోయాడు. అత్తగారు వెదురు మొలకలు వండారు, కొడుకులిద్దరికీ పెద్ద ముక్కలు, నాకు చిన్నవి. ఎప్పటిలాగే. తర్వాత నేను టీ పోస్తుంటే తకెజి చొక్కా సర్దుకుని వాళ్ళన్నయ్యను అడిగాడు, సంఘానికి వచ్చే ఏడాది లెక్క ఇప్పుడే వేసుకోవాలి, మీ మళ్ళ సంగతేమిటని.

ఆయన నోరు తెరిచారు. నేను కూజా పట్టుకునే నిలబడ్డాను. ఆయన నా వంక చూసి నోరు మూసుకున్నారు. "నన్నడుగుతావేంట్రా. నాకేం తెలుసు. దాన్నడుగు" అన్నారు.

తకెజి మోకాళ్ళు మడిచి కూర్చుని నా వైపు తిరిగాడు. అంత పద్ధతిగా నా వైపు ఈ ఇంట్లో ఎవరూ తిరిగి కూర్చోలేదు.

"వదినా, మీ మళ్ళు సంఘానికి ఇస్తావా?"

"ఇవ్వను."

"సరే."

అంతే. అత్తగారు పళ్ళు కుట్టుకుంటున్నారు. ఆయన వెదురు మొలకల గిన్నెలో అడుగున మిగిలినవి వెతుక్కుంటున్నారు. ఈ కాస్త మాట అడగడానికి ఇన్నేళ్ళు ఏమడ్డొచ్చిందని నిలదీయబోయి, మానుకుని తకెజి ముందు టీ పెట్టాను. అతను కప్పు అందుకోబోయి, వేడికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అడగడమూ చెప్పడమూ రెండూ అయిపోయాయి, ఆ టీ ఇంకా తాగేంత చల్లారనే లేదు.